సొంతంగా కూర్చిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మొరాయిస్తుంటే ముందు ఎక్కడ చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఏఆర్-15 తరహా రైఫిల్‌ను విడి భాగాలు తెచ్చి మీరే కూర్చుకున్నారు. 16 అంగుళాల బ్యారెల్, మిడ్ లెంగ్త్ గ్యాస్ (బ్యారెల్ మీద గ్యాస్ రంధ్రం మధ్యస్థ దూరంలో ఉండే రకం), సెట్ స్క్రూలతో బిగించే చిన్న గ్యాస్ బ్లాక్ (ఆ రంధ్రం మీద కూర్చుని గ్యాస్‌ను వెనక్కి మళ్ళించే దిమ్మ), 5.56 కొలత ఛాంబర్ (పేలేముందు రౌండ్ కూర్చునే గది). ఒక మ్యాగజైన్ కాల్చేలోపు మూడు నాలుగు సార్లు ఆగిపోతోంది. ఒకసారి ఖాళీ కేసు (పేలాక మిగిలే గుల్ల) పక్క కిటికీలో నిలువుగా ఇరుక్కుంటోంది, ఒకసారి బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) ఖాళీ ఛాంబర్ మీదే మూసుకుపోతోంది, చివరి రౌండ్ తర్వాత బోల్ట్ వెనక్కి ఆగనే ఆగడం లేదు. ఒకరు బఫర్ (బోల్ట్ వెనక స్ప్రింగ్‌తో పాటు ఉండే బరువు) మార్చమన్నారు, ఒకరు ఎక్స్‌ట్రాక్టర్ (కేసును ఛాంబర్ నుంచి లాగే గోరు) అన్నారు, ఇంకొకరు గ్యాస్ రంధ్రం కాస్త పెద్దది చేయమన్నారు. మీరు ఇప్పటికే హెచ్2 అనే బరువైన బఫర్ కొని వేసేశారు, ఆ తర్వాత జామ్‌లు ఇంకా పెరిగాయి, కేసులు మీ కాళ్ళ పక్కనే పడుతున్నాయి.

సూటిగా చెప్తాను. మీకు మూడు జబ్బులు లేవు, ఉన్నది ఒకటే. బోల్ట్‌ను మోసుకెళ్ళే క్యారియర్ వెళ్ళాల్సినంత వెనక్కి వెళ్ళడం లేదు. కారణం చాలావరకు గ్యాస్ బ్లాక్ దగ్గరే ఉంటుంది. రంధ్రానికి రంధ్రం సరిగ్గా కూర్చోలేదు, లేదా సెట్ స్క్రూ వదులై బ్లాక్ జరిగింది. ఆ హెచ్2 తీసి పక్కన పెట్టండి, పాత మామూలు బఫర్ వేయండి. డ్రిల్ మాత్రం ముట్టుకోవద్దు. రంధ్రం పెద్దది చేయడం నిమిషం పని, తీసేసిన లోహాన్ని మళ్ళీ పెట్టడం ఎవరి వల్లా కాదు.

మూడూ ఒకటే జబ్బు అని ఎందుకు అంటున్నానంటే, పేలిన తర్వాత బోల్ట్ చేసే ప్రయాణాన్ని ఒకసారి ఊహించుకోండి. తూటా బ్యారెల్‌లో రంధ్రం దాటగానే కొంత గ్యాస్ పైకి వచ్చి, ట్యూబ్ గుండా వెనక్కి పరిగెత్తి, క్యారియర్ మీద ఉన్న కీ అనే చిన్న గొట్టం లోంచి లోపలికి దూరుతుంది. క్యారియర్ వెనక్కి కదులుతుంది, బోల్ట్ తిరిగి తాళం వదులుతుంది, ఖాళీ కేసు బయటికి వస్తుంది. ఇక్కడి నుంచి వరసగా మూడు మైలురాళ్ళు ఉన్నాయి. మొదటిది, కేసును విసిరేసేంత దూరం. రెండోది, మ్యాగజైన్‌లో పైకి వచ్చిన కొత్త రౌండ్ వెనక అంచును దాటే దూరం. మూడోది, ఇంకాస్త వెనక్కి, బోల్ట్ క్యాచ్ పైకి లేచి పట్టుకునే దూరం. గ్యాస్ ఓ మోస్తరుగా తగ్గితే మూడోది మాత్రమే తప్పుతుంది, అంటే చివర్లో బోల్ట్ ఆగదు. ఇంకొంచెం తగ్గితే రెండోది కూడా తప్పుతుంది, కొత్త రౌండ్ అందుకోకుండా ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటుంది. మరీ తగ్గితే మొదటిదీ తప్పుతుంది, కేసు పూర్తిగా ఎగరకముందే బోల్ట్ తిరిగొచ్చి దాన్ని నొక్కేస్తుంది, కేసు పొగగొట్టంలా నిలబడుతుంది. మీకు ఈ మూడూ కలగాపులగంగా వస్తున్నాయంటే మీ రైఫిల్ ఆ గీత మీదే ఊగిసలాడుతోందన్నమాట. అలాంటప్పుడు బరువైన బఫర్ వేస్తే, గోరుచుట్టు మీద రోకటిపోటే. మామూలు కార్బైన్ బఫర్ 3 ఔన్సులు, హెచ్2 దాదాపు 4.6. అసలే అరకొర గ్యాస్, దానికి మరింత బరువు తోయమంటే ఎలా తోస్తుంది?

విప్పే ముందు ఒక మాట, తర్వాత మర్చిపోతాను. మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ కంటితో చూడండి, వేలితో కూడా తడిమి చూడండి, ఆ తర్వాతే ఏదైనా. పని చేసే బల్ల మీద, ఆ గదిలో, ఒక్క అసలు రౌండ్ కూడా ఉండకూడదు. మొదట్లో ఈ నియమాన్ని నేను చాదస్తం అనుకునేవాణ్ణి, ఇప్పుడు అనుకోను.

రైఫిల్‌ను అనుమానించే ముందు మ్యాగజైన్‌ను, మందుగుండును అనుమానించండి. ఇది ఒక్క సాయంత్రం పని, ఖర్చు లేదు. మార్కర్ పెన్ తీసుకుని మ్యాగజైన్లకు 1, 2, 3 అని నంబర్లు వేయండి. ఏ జామ్ ఏ నంబరుతో వచ్చిందో చిన్న పుస్తకంలో రాయండి. జామ్‌లన్నీ 2వ నంబరులోనే వస్తే దాన్ని చెత్తబుట్టలో వేయండి, కథ కంచికి. అన్నిటిలో సమానంగా వస్తే మ్యాగజైన్ నిర్దోషి. సొంతంగా కూర్చిన వాటిలో ఇంకోటి చూడాలి. మ్యాగజైన్ పట్టుకునే క్యాచ్ ఎన్ని చుట్లు తిప్పాం అన్నదాన్ని బట్టి మ్యాగజైన్ ఒక పిసరు కిందికి కూర్చునే అవకాశం ఉంది. మ్యాగజైన్ పెట్టి కిందికి గట్టిగా లాగి చూడండి, పైకి నెట్టి చూడండి. ఊడకూడదు, ఎక్కువ ఆడకూడదు.

ఇదే వరసలో ఖాళీ మ్యాగజైన్ పెట్టి, ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగే పిడి) చివరి దాకా లాగి చూడండి. బోల్ట్ ఆగాలి. పదిసార్లు లాగితే పదిసార్లూ ఆగాలి. చేత్తో లాగినప్పుడే ఆగకపోతే గ్యాస్‌ను తిట్టి లాభం లేదు, బోల్ట్ క్యాచ్ దగ్గర స్ప్రింగ్ వంకర పోయిందో, రోల్ పిన్ కొట్టేటప్పుడు క్యాచ్ బిగుసుకుందో చూడాలి.

మందుగుండు సంగతి. 223 రెమింగ్టన్, 5.56 రౌండ్లు చూపుకు ఒకటే, ఒత్తిడిలో ఒకటి కావు. 5.56 ఛాంబర్‌లో 223 కాల్చవచ్చు, కానీ తక్కువ బలంతో నింపిన చవక రౌండ్లు అంచు మీద ఉన్న రైఫిల్‌ను తోయలేవు. అందుకే పరీక్షకు మాత్రం మంచి ఫ్యాక్టరీ 5.56, తూటా బరువు 55 గ్రైన్లదో 62 గ్రైన్లదో, ఒకే పెట్టెలోవి వాడండి. పెట్టెలు కలిపేస్తే ఏది దేనివల్ల జరిగిందో దేవుడికి కూడా తెలియదు. ఇంట్లో నింపుకున్న రౌండ్లతో రైఫిల్ విశ్వసనీయత పరీక్షించడం అంటే తూకపు రాళ్ళు నమ్మకం లేని త్రాసులో బంగారం తూచినట్టు. ఇంకోటి, ఒక షాట్ శబ్దం తేడాగా, "తుస్"మన్నట్టు వినిపించి బోల్ట్ కదలకపోతే దాన్ని జామ్ అనుకుని హ్యాండిల్ లాగి తర్వాతి రౌండ్ కాల్చేయకండి. తూటా బ్యారెల్ మధ్యలో ఆగి ఉండవచ్చు. ఆపండి, ఖాళీ చేయండి, బ్యారెల్‌లోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడండి. 300 బ్లాకౌట్ (ఇంకాస్త లావు తూటా కొలత) రైఫిల్ కూడా మీ దగ్గర ఉంటే దాని మ్యాగజైన్లను వేరే రంగులో, వేరే సంచిలో పెట్టండి. రెండిటికీ మ్యాగజైన్ ఒకటే సరిపోతుంది కాబట్టి ఆ రౌండ్ 5.56 ఛాంబర్‌లోకి పోయే ప్రమాదం ఉంది, అలా పోయి పేలితే రైఫిల్ ముక్కలవుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మ్యాగజైన్‌లో ఒక్కటే రౌండ్ పెట్టండి. కాల్చండి. బోల్ట్ వెనక ఆగిందా? రాసుకోండి. ఇలా పదిసార్లు. అలాగే కేసు ఎటు పడుతోందో చూడండి. తల మీద గడియారం పెట్టినట్టు ఊహించుకుంటే, గొట్టం చూసే దిక్కు 12. కేసులు 3కీ 4.30కీ మధ్య పడుతుంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 5 దగ్గర, మీ కాళ్ళ పక్కనే నీరసంగా జారిపడుతుంటే గ్యాస్ తక్కువ. 1, 2 వైపు ముందుకు విసురుగా ఎగిరిపోతుంటే గ్యాస్ ఎక్కువ. ఈ గడియారం వేదవాక్కు కాదు, కేసును బయటికి నెట్టే ఎజెక్టర్ స్ప్రింగ్ బలాన్ని బట్టి, కేసు తగిలే అంచును బట్టి మారుతుంది, అయినా మొదటి అంచనాకు ఇంతకన్నా సులువైనది లేదు.

ఈ గడియారం ఎందుకు ముఖ్యమంటే గ్యాస్ ఎక్కువైనా సరే దాదాపు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గ్యాస్ ఎక్కువైతే బోల్ట్ ఎంత వేగంగా వెనక్కి పోయి వస్తుందంటే, మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి రౌండ్‌ను పైకి లేపేలోపే బోల్ట్ దాని నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. ఫలితం, ఖాళీ ఛాంబర్. బోల్ట్ క్యాచ్ లేచేలోపు దాటిపోతుంది. ఫలితం, చివర్లో ఆగదు. చూడ్డానికి గ్యాస్ తక్కువైనట్టే ఉంటుంది, మందు మాత్రం పూర్తిగా తిరగబడాలి. మా షూటింగ్ బృందంలో ఒకాయన పొట్టి బ్యారెల్, కార్బైన్ గ్యాస్ (రంధ్రం ఛాంబర్‌కు ఇంకా దగ్గరగా ఉండే రకం)తో కూర్చుకున్నాడు. ఖాళీ ఛాంబర్ మీద మూసుకుంటోందని తేలిక బఫర్ వేశాడు, ఇంకా పెరిగింది. మరింత తేలిక స్ప్రింగ్ వేశాడు, అప్పుడు కేసుల అంచులు చిరిగిపోవడం మొదలైంది. నన్ను పిలిచేసరికి ఆయన కోపం తారస్థాయిలో ఉంది. నేను చేసిందల్లా నేల మీద పడ్డ కేసులు ఏరడం. అన్నీ ఆయనకు ముందు, కుడిపక్కన, పది అడుగులు అవతల. అంచు మీద ఎక్స్‌ట్రాక్టర్ గోరు గుచ్చి లాగిన గుర్తు, లోహం వంగి పైకి లేచి ఉంది. ఛాంబర్‌లో ఒత్తిడి ఇంకా దిగకముందే బోల్ట్ తెరుచుకుంటోంది, కేసు గోడకు అతుక్కునే ఉంది, గోరు మాత్రం లాగేస్తోంది. హెచ్2 బఫర్, సరైన పొడవున్న కొత్త స్ప్రింగ్ వేశాం, ఆ రోజే సర్దుకుంది. మీ రైఫిల్‌కు తప్పు మందైన అదే హెచ్2 ఆయన రైఫిల్‌కు ప్రాణం పోసింది.

మీరు రాసినదాన్ని బట్టి మీ కేసులు 5 దగ్గర పడుతున్నాయి, హెచ్2 వేశాక పెరిగింది. కాబట్టి గ్యాస్ తక్కువే. ఇప్పుడు అది ఎక్కడ పోతోందో వెతుకుదాం.

మొదట గ్యాస్ బ్లాక్. హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ చేత్తో పట్టుకునే కవచం) విప్పండి. బ్లాక్‌ను చేత్తో పట్టుకుని తిప్పడానికి ప్రయత్నించండి, వెంట్రుకవాసి కదిలినా దొంగ దొరికినట్టే. కదలకపోయినా చుట్టూ మసి చూడండి. కొద్దిగా మసి మామూలే, ఏ బ్లాకూ నూటికి నూరుపాళ్ళు గాలి చొరనట్టు ఉండదు. ఒకే వైపు విసనకర్ర విప్పినట్టు నల్లగా పరుచుకుంటే అటునుంచి కారుతోందని అర్థం. తర్వాత బ్లాక్ తీసి, బ్యారెల్ మీద రంధ్రం చుట్టూ పడ్డ మసి మచ్చ చూడండి. అంతా సరిగ్గా ఉంటే రంధ్రం మధ్యలో, దాని చుట్టూ గుండ్రంగా శుభ్రమైన వలయం ఉంటుంది. పక్కకు జరిగి ఉంటే నెలవంకలా కనిపిస్తుంది, సగం నలుపు, సగం మెరుపు. ఆ నెలవంక ఎంత మందం ఉంటే రంధ్రాలు అంత ఎక్కువగా తప్పాయన్నమాట.

కొత్తగా కూర్చేవాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. బ్యారెల్ మీద ఒక మెట్టు ఉంటుంది కదా, గ్యాస్ బ్లాక్‌ను దానికి ఆనించి బిగించేస్తారు. ఆనితే సరిగ్గా కూర్చున్నట్టే అనిపిస్తుంది. కానీ చాలా బ్యారెళ్ళలో ఆ మెట్టు దగ్గర పాతకాలపు హ్యాండ్‌గార్డ్ టోపీ రేకు కూర్చోవాలన్న లెక్కతో రంధ్రం పెడతారు. ఆ రేకు మందం 0.025 నుంచి 0.03 అంగుళం, అంటే దాదాపు ముప్పావు మిల్లీమీటరు. మనం ఆ రేకు వాడం, బ్లాక్‌ను మెట్టుకు ఆనిస్తాం, రంధ్రాలు ఆ ముప్పావు మిల్లీమీటరు తప్పుతాయి. ఏటీఎం కార్డు మందం సరిగ్గా అంతే ఉంటుంది, అందుకే చాలామంది పాత కార్డును మెట్టుకీ బ్లాక్‌కీ మధ్య పెట్టి బిగించి, తర్వాత లాగేస్తారు. అయితే కళ్ళు మూసుకుని ఇలా చేయకండి, చిన్న బ్లాక్ కోసమే రంధ్రం పెట్టిన బ్యారెళ్ళూ ఉన్నాయి. కాలిపర్‌తో రెండు కొలతలు తీసుకోండి. మెట్టు నుంచి బ్యారెల్ రంధ్రం మధ్యకు ఎంత? బ్లాక్ వెనక అంచు నుంచి దాని రంధ్రం మధ్యకు ఎంత? ఆ రెండిటి తేడా ఎంతో అంత ఖాళీ వదలాలి. ఇక ఊహాగానాలు అక్కర్లేదు.

నా మొదటి రైఫిల్‌తో మూడు వారాంతాలు పోయాయి. ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్ మార్చాను, మ్యాగజైన్లు మార్చాను, గ్యాస్ రింగులు మార్చాను. మొదటి 50 రౌండ్లు ఎప్పుడూ బాగుండేవి, ఆ తర్వాత మొదలయ్యేది, చల్లారాక మళ్ళీ బాగుండేది. ఈ "వేడెక్కితే" అన్న ముక్కను నేను పట్టించుకోలేదు. చివరికి బ్లాక్ తీసి చూస్తే సెట్ స్క్రూ మొన కింద బ్యారెల్ మీద చుక్క ఉండాల్సిన చోట సన్నని మెరిసే గీత ఉంది, గోటితో గీసినట్టు, ఓ మూడు మిల్లీమీటర్లు. వేడికి స్క్రూ పట్టు వదిలి బ్లాక్ అటూ ఇటూ తిరుగుతోంది. బ్యారెల్ మీద స్క్రూ కూర్చునే చోట చిన్న గుంట చేయించి, వేడిని తట్టుకునే థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించాను. మామూలు నీలం రకం ఆ వేడికి పట్టు వదిలేస్తుంది, గుర్తుంచుకోండి. ఆ తర్వాత ఆ బ్లాక్ కదల్లేదు. వీలైతే అడ్డంగా పిన్ కొట్టించుకోవడం అన్నిటికంటే మేలు, అది మాత్రం మంచి డ్రిల్ స్టాండ్ ఉన్న గన్‌స్మిత్ చేతి పని.

తర్వాత క్యారియర్ మీద ఉన్న గ్యాస్ కీ. రెండు స్క్రూలు ఉంటాయి, వాటి తలల పక్కన లోహాన్ని కొట్టి లోపలికి నొక్కి ఉండాలి, స్క్రూ తిరక్కుండా. చవక క్యారియర్లలో ఆ దెబ్బ పైపైన అద్దినట్టు ఉంటుంది. కీని వేళ్ళతో అటూ ఇటూ తొయ్యండి. కింద అతుకు దగ్గర మసి గీత ఉంటే కారుతున్నట్టే.

బోల్ట్ చుట్టూ ఉండి గ్యాస్ కారకుండా ఆపే గ్యాస్ రింగుల పరీక్షకు అర నిమిషం చాలు. బోల్ట్‌ను ముందుకు లాగి, క్యారియర్‌ను బోల్ట్ మొహం మీద నిలువుగా నిలబెట్టండి. క్యారియర్ తన బరువుకే కిందికి జారిపోతే రింగులు అరిగాయి. నిలబడితే బాగున్నాయి. మూడు రింగుల చీలికలు ఒకే వరసలోకి రాకూడదని ఓ నమ్మకం ఎప్పటినుంచో ఉంది, నేను కావాలని వరసలో పెట్టి మ్యాగజైన్లు ఖాళీ చేశాను, తేడా ఏమీ రాలేదు.

ట్యూబ్ కీ లోకి సూటిగా దూరుతోందా? పై భాగం విడదీసి, ఛార్జింగ్ హ్యాండిల్ తీసేసి, క్యారియర్‌ను ఒక్కవేలితో నెమ్మదిగా ముందుకు తోయండి. కీ ట్యూబ్‌ను తాకేచోట చేతికి ఏ అడ్డూ తెలియకూడదు. అక్కడ "టక్" అని తగిలి దూరితే ట్యూబ్ వంకరగా ఉంది. బ్యారెల్‌ను బిగించే నట్ పళ్ళు ట్యూబ్‌కు దారి ఇచ్చేట్టు సరిగ్గా అమరకపోతే కూడా ఇలా పక్కకు నొక్కుకుపోతుంది. ట్యూబ్‌ను చేత్తోనే ఓ వెంట్రుకవాసి వంచి సరిచేయవచ్చు, కంగారు పడాల్సింది లేదు.

ఇవన్నీ బాగుంటే వెనక వైపు. కార్బైన్ బఫర్ ట్యూబ్‌లో (బఫర్, స్ప్రింగ్ ఉండే పొట్టి వెనక గొట్టం) పొరపాటున పొడవు గొట్టానికి చేసిన రైఫిల్ స్ప్రింగ్ వేసినవాళ్ళను నేను చూశాను. కార్బైన్ స్ప్రింగ్‌లో 37 నుంచి 39 చుట్లు, రైఫిల్ దాంట్లో 41 నుంచి 43. ఎక్కువ చుట్లు చిన్న గొట్టంలో ఇరుక్కుని క్యారియర్ చివరిదాకా వెళ్ళలేదు. మీది బయటికి తీసి టేబుల్ మీద పెట్టి కొలవండి. కార్బైన్‌దైతే 10 అంగుళాల కంటే కాస్త ఎక్కువ నుంచి 11.25 దాకా ఉండాలి. విడి భాగాలు తలొక చోట కొన్నప్పుడు ఇలాంటివి సహజం. అన్నీ మంచి భాగాలే, కానీ ఎవరికి వారే యమునా తీరే. బ్యారెల్ చేసినవాడికి మీ బఫర్ ఏదో తెలియదు, బఫర్ చేసినవాడికి మీ రంధ్రం ఎంతో తెలియదు. ఫ్యాక్టరీ రైఫిల్‌లో ఆ లెక్క ఎవరో ముందే వేసి ఉంటారు, మనం కూర్చుకున్నదాంట్లో ఆ ఎవరో మనమే.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చూపే పెద్ద ఉదాహరణ ఏఆర్-15కు సైనిక రూపమైన ఎం16ది. 1960లలో వియత్నాంలో అమెరికా సైనికుల చేతుల్లో ఎం16లు ఘోరంగా జామ్ అయ్యాయి, కేసులు ఛాంబర్‌లో ఇరుక్కుపోయాయి, 1967లో అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం విచారించి నివేదిక ఇచ్చింది. ఈ రైఫిల్ రూపకర్త యూజీన్ స్టోనర్ డిజైన్ మొదట ఐఎంఆర్ అనే రకం తుపాకి మందుతో పరీక్షలు నెగ్గింది. తర్వాత సైన్యం రౌండ్లలో బాల్ పౌడర్ అనే ఇంకో రకం తుపాకి మందుకు మారింది. తూటా అదే, వేగం దాదాపు అదే, కానీ రంధ్రం దగ్గరికి వచ్చేసరికి ఒత్తిడి ఎక్కువ, మసి ఎక్కువ, కాల్పుల వేగం పెరిగింది. దానికి తోడు ఛాంబర్‌కు క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసుకునే కిట్లు అందరికీ చేరలేదు. తర్వాత బఫర్ మార్చారు, ఛాంబర్‌కు క్రోమ్ వేశారు, కిట్లు ఇచ్చారు, అప్పుడు కుదుటపడింది. ఒక్క మందు మారితే మొత్తం వ్యవస్థ తలకిందులైంది. మీరు పెట్టె మార్చినప్పుడల్లా చిన్న స్థాయిలో అదే ప్రయోగం చేస్తున్నట్టు.

ఇప్పుడు రంధ్రం పెద్దది చేయమన్న సలహా. 16 అంగుళాల మిడ్ లెంగ్త్ బ్యారెళ్ళలో చాలావాటికి రంధ్రం 0.08 అంగుళం దగ్గర్లో ఉంటుంది. ముందు మీది ఎంతో పిన్ గేజ్‌తో (రంధ్రంలో దూర్చి కొలిచే కచ్చితమైన పుల్ల) కొలవండి. నిజంగానే మరీ చిన్నదైతే, బ్లాక్, కీ, ట్యూబ్, రింగులు, స్ప్రింగ్ అన్నీ బాగున్నాయని తేలాకే, బ్యారెల్ చేసినవాళ్ళతో మాట్లాడండి, చాలాసార్లు వాళ్ళే మార్చి ఇస్తారు. తొందరపడి చేయించుకుంటే ఏమవుతుందో లెక్క చూడండి. 0.076 నుంచి 0.082కు, అంటే కంటికి ఆనని 6 వేల వంతుల అంగుళం పెంచితే రంధ్రం వైశాల్యం 16 శాతం పెరుగుతుంది. అసలు జబ్బు జరిగిన బ్లాక్ అయితే, పెద్ద రంధ్రంతో ఇప్పటికి నడుస్తుంది, ఏదో ఒకరోజు బ్లాక్ సరిచేస్తారు, ఆ రోజు నుంచి గ్యాస్ ఎక్కువైన రైఫిల్ మీ చేతిలో ఉంటుంది. శబ్దం తగ్గించే సప్రెసర్ తగిలిస్తే ఇంకా చెప్పనక్కర్లేదు.

గ్యాస్ పెంచి తగ్గించే వీలున్న అడ్జస్టబుల్ గ్యాస్ బ్లాక్ వేసుకోవచ్చా అని కూడా అడిగారు. వేసుకోవచ్చు, కానీ జబ్బు తెలిశాక. పూర్తిగా మూసి, ఒక్కో రౌండ్ కాలుస్తూ ఒక్కో క్లిక్ తెరుస్తూ వెళ్ళి, బోల్ట్ వెనక ఆగడం మొదలైన చోటు నుంచి ఇంకో రెండు క్లిక్‌లు అదనంగా ఇవ్వండి. ఆ రెండు క్లిక్‌లే చలికి, మసికి, బలహీనమైన పెట్టెకి మీ బీమా. పోటీల్లో ఆడేవాళ్ళు తన్ను తగ్గడానికి అంచు మీదే వదిలేస్తారు, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. కొన్ని వందల రౌండ్లకోసారి ఆ స్క్రూ కదిలించకపోతే మసికి సిమెంటు పట్టినట్టు పట్టేస్తుంది.

నూనె. కొత్త రైఫిల్ పొడిగా నడవదు. క్యారియర్ కింద పట్టాలు, బోల్ట్ తిరిగే చోటు, దాన్ని తిప్పే క్యామ్ పిన్, వీటికి వేలికి అంటేంత నూనె ఉండాలి. కొత్త భాగాల పూత గరుకుగా ఉంటుంది, మొదటి వంద రెండొందల రౌండ్లు కాస్త బిగువుగా ఉండటం మామూలే. కానీ "కాలుస్తుంటే అదే సర్దుకుంటుంది" అన్నమాటను మ్యాగజైన్‌కు నాలుగు జామ్‌లు వచ్చే రైఫిల్‌కు వర్తింపజేయకండి. అరుగుదలతో రంధ్రాలు వరసలోకి రావు.

మీ రైఫిల్‌లో లేవు కానీ, కనిపిస్తే వేరే దారి పట్టాల్సిన లక్షణాలు కొన్ని. కొత్త రౌండ్ మొన ముందు గోడకు గుద్దుకుని ఆగిపోతుంటే ఫీడ్ ర్యాంపులు చూడండి. రిసీవర్ (బోల్ట్ ఉండే పెట్టె) మీది ర్యాంపు, బ్యారెల్ వెనక భాగం మీది ర్యాంపు ఒకే జారుడుబల్లలా కలవాలి. కింది నుంచి పైకి గోటితో గీయండి, గోరు ఆగినచోటే తూటా మొన కూడా ఆగుతుంది. ప్రైమర్ (దెబ్బ తగిలి మందును అంటించే, కేసు అడుగున ఉండే చిన్న బిళ్ళ) మీద చిన్న గుంట పడి పేలకపోతుంటే హ్యామర్ స్ప్రింగ్ తిరగేసి పెట్టారేమో చూడండి, దాని కాళ్ళు ట్రిగర్ పిన్ మీద ఆనాలి. ఓ కుర్రాడు ఇదే తప్పుతో మూడు రకాల రౌండ్లు మార్చి, ప్రైమర్లు గట్టిగా ఉన్నాయని తీర్మానించేశాడు. పేల్చకుండా లోడ్ చేసి తీసిన రౌండ్ మీద సూదిమొన లాంటి చుక్క మాత్రం ఈ డిజైన్‌లో మామూలే, ఫైరింగ్ పిన్‌కు స్ప్రింగ్ ఉండదు. కేసులు చీలుతున్నా, ప్రైమర్లు ఊడిపడుతున్నా కాల్చడం ఆపి హెడ్‌స్పేస్ గేజ్‌లతో (మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌కూ మధ్య కేసుకు ఉండే చోటును కొలిచేవి) చూపించండి. బ్యారెల్ ఒక చోట, బోల్ట్ ఒక చోట కొన్నవాళ్ళు మొదటి రౌండ్ పేల్చకముందే చేయించాల్సిన పని ఇది. మీరు చేయించారో లేదో రాయలేదు. చేయించకపోతే, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు అది చేయించండి.

ఒక్కసారి ట్రిగర్ నొక్కితే రెండు పేలితే మాత్రం అక్కడితో ఆపేయండి. ట్రిగర్ వదిలినప్పుడు పేలినా అంతే. ఇంకొకసారి కాల్చి చూద్దాం అన్నది లేదు. అది ట్రిగర్ భాగాల్లో అరుగుదలో, తప్పుగా కూర్చడమో. ప్రాణానికి ప్రమాదం, పైగా చట్టం దృష్టిలో మీ రైఫిల్ ఇంకో రకం ఆయుధం అయిపోవచ్చు. ఖాళీ చేసి నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఫైల్ పట్టుకుని మీరే గీకడం మొదలుపెట్టకండి.

పని పద్ధతి గురించి ఒక్కటే పట్టుబడతాను. ఒకసారికి ఒకే మార్పు. బ్లాక్ సరిచేశాక, అదే పెట్టె రౌండ్లతో, అదే నంబరు మ్యాగజైన్‌తో, ఒక్కో రౌండ్ పది సార్లు, తర్వాత ఐదేసి రౌండ్లు ఐదు సార్లు, తర్వాత నిండు మ్యాగజైన్. అప్పుడే బఫర్ గురించి ఆలోచించండి, అవసరమైతే. నాలుగు భాగాలు ఒకేసారి మార్చి బాగైందంటే, ఏది బాగుచేసిందో మీకు తెలియదు, మళ్ళీ పాడైనప్పుడు నాలుగూ మళ్ళీ కొంటారు. నా డబ్బాలో బాగా పనిచేసే ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగులు ఇప్పటికీ ఆరు ఉన్నాయి, ఆ మూడు వారాంతాల గుర్తుగా.

బ్లాక్ తీసినప్పుడు ఆ మసి మచ్చ గుండ్రంగా ఉందా, నెలవంకలా ఉందా, నెలవంకైతే ముందుకా వెనక్కా పక్కకా అన్నది రాయండి. ముందుకో వెనక్కో అయితే మెట్టు దగ్గర ఖాళీ సమస్య, పక్కకైతే బ్లాక్ తిరిగినట్టు. మచ్చ గుండ్రంగా ఉండి కీ, రింగులు కూడా బాగుంటే అప్పుడు రంధ్రం కొలత చెప్పండి, అక్కణ్ణుంచి చూద్దాం.